మామగారి ఫైలు, అత్తగారి ఫైలు, మా తాళంచెవుల గుత్తి

తాతల నాటి సైనిక రికార్డులు ఎలా తెప్పించావు, ఎన్నాళ్ళు పట్టింది, ఎంతయింది అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను తెప్పించింది ముగ్గురివి. మా మామయ్యగారి నాన్న ఆస్ట్రేలియా సైన్యంలోనూ, అత్తయ్యగారి నాన్న న్యూజిలాండ్ సైన్యంలోనూ, మా నాన్నగారి నాన్న బ్రిటిష్ ఇండియా సైన్యంలోనూ పనిచేశారు. ముగ్గురూ రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవాళ్ళే. ముగ్గురూ ఇప్పుడు లేరు. ఉన్నన్నాళ్ళూ ఇంట్లో యుద్ధం ఊసెత్తినవాళ్ళు కారు. మొదటివారి ఫైలు ఒక్క సాయంత్రంలో దొరికింది. రెండోవారిది నాలుగు నెలలు పట్టింది. మూడోవారిది ఏడాది దాటింది, వచ్చింది ఒక్క పేజీ.

అసలు ఇది ఎందుకు మొదలైందో చెప్పాలంటే మా ఇంటి భోజనాల బల్ల గురించి చెప్పాలి. మేముండేది మెల్‌బోర్న్‌లో. మామయ్యగారిది ఈ విక్టోరియా రాష్ట్రమే. అత్తయ్యగారు ఆక్లాండ్‌లో పుట్టి పెరిగారు. ఆవిడ చెల్లెలి భర్త, నేను చిన్నమామయ్యగారు అంటాను, ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ముగ్గురూ ఒకచోట చేరితే మాటల తూటాలే. పావ్లోవా అనే గుడ్డు తెల్లసొన మిఠాయి మాదంటే మాదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తగువు. ఆ పేరుకు మూలమైన అన్నా పావ్లోవా అనే నర్తకి 1926లో రెండు దేశాలూ తిరిగింది కాబట్టి ఎవరి వాదన వాళ్ళకుంది. కాజా కాకినాడదా తాపేశ్వరానిదా అని మన దగ్గర వాదించుకున్నట్టే. ఆ తర్వాత ఫార్ లాప్ అనే గుర్రం వస్తుంది. అది 1926లో న్యూజిలాండ్‌లోని టిమారూ దగ్గర పుట్టి 1930లో మెల్‌బోర్న్ కప్ పందెం గెలిచింది. చచ్చిపోయాక దాని తోలు మెల్‌బోర్న్ మ్యూజియంలోను, అస్థిపంజరం వెల్లింగ్టన్‌లోను, గుండె కాన్‌బెర్రాలోను పెట్టారు. "పంపకాలు న్యాయంగానే జరిగాయి, మీ వాటాకు ఎముకలు వచ్చాయి" అంటారు మామయ్యగారు. దానికి అత్తయ్యగారి దగ్గర ఒకే ఒక్క బ్రహ్మాస్త్రం ఉంది: 1981 ఫిబ్రవరి 1. మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో ఆఖరి బంతికి ఆరు కొడితే న్యూజిలాండ్ సమం చేస్తుందనగా, అన్న గ్రెగ్ చాపెల్ చెప్పాడని తమ్ముడు ట్రెవర్ చాపెల్ బంతిని నేల మీద దొర్లించిన రోజు. ఆవిడకు తన పెళ్ళిరోజు ఒక్కోసారి గుర్తుండదు గాని ఈ తేదీ మాత్రం మరిచిపోరు. ఇక చిన్నమామయ్యగారు ఎండ అన్నా, చలి అన్నా, టీ పలచగా ఉందన్నా మిగతా ఇద్దరూ ఏకమై "ఇంగ్లీషువాళ్ళ సణుగుడు మొదలైంది" అంటారు.

పెళ్ళయిన కొత్తలో ఇదంతా నిజం పోట్లాట అనుకుని బిక్కచచ్చిపోయేదాన్ని. తర్వాత అర్థమైంది, ఇక్కడ ఎంత ఆటపట్టిస్తే అంత దగ్గరవాళ్ళని. అర్థమయ్యాక మరో సంగతి తెలిసింది: నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనరు. కూర బాగుందంటారు, మీ దేశం గొప్పదంటారు. పదేళ్ళ కాపురం తర్వాత కూడా అతిథి మర్యాదే. చెప్పుకోవడానికి అదొక కష్టమా అంటే కాదు గాని, లోపల ఎక్కడో గుచ్చుకునేది.

2023 ఏప్రిల్ 25, ఆన్జాక్ డే, అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తమ సైనికులను తలుచుకునే రోజు, మధ్యాహ్న భోజనం దగ్గర తగువు గ్రీసులోని క్రీట్ ద్వీపం మీదికి మళ్ళింది. 1941 మే 27న అక్కడ సూదా అఖాతం దగ్గర ఒక మట్టిరోడ్డు మీద జరిగిన సంఘటన అది. అంతకుముందు బ్రిటిష్ ఇంజనీర్ల 42వ ఫీల్డ్ కంపెనీ అక్కడ మకాం వేసింది కాబట్టి సైనికులు దాన్ని 42వ వీధి అని పిలిచేవారు. వెనక్కి తగ్గుతున్న న్యూజిలాండ్, ఆస్ట్రేలియా బెటాలియన్లు ఆ రోడ్డు వెంట నిలబడి, తరుముకొస్తున్న జర్మన్ పర్వత దళం మీదికి బాయొనెట్లతో, అంటే తుపాకీ మొనకు తగిలించే కత్తులతో, ఒక్కుమ్మడిగా దూకాయి. న్యూజిలాండ్ వైపు 28వ మావోరీ బెటాలియన్, ఆస్ట్రేలియా వైపు 2/7వ బెటాలియన్ పేర్లు ముందు చెబుతారు. ముందు లేచింది ఎవరన్నదే తగువు. మామయ్యగారి నాన్నది 2/7. అత్తయ్యగారి నాన్నది 21వ బెటాలియన్, అదీ ఆ వరుసలోనే ఉంది. "మావాళ్ళు దూకాక మీవాళ్ళు వెనక నడిచి వచ్చారు" అని ఒకరు, "మీవాళ్ళు వచ్చేసరికి మావాళ్ళు చేతులు కడుక్కుంటున్నారు" అని మరొకరు. "ఇద్దరి ఫైళ్ళూ తెప్పిస్తే పోలా" అన్నాను. అలా ఆ పని నా మెడకు పడింది.

ఆస్ట్రేలియాది చాలా సులువు. పాత ప్రభుత్వ రికార్డులు దాచే కాన్‌బెర్రాలోని జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో పేరు కొట్టి వెతకడమే. యుద్ధకాలపు ఫైళ్ళలో అధికభాగం స్కాన్ చేసి పెట్టారు, చూడడానికి పైసా అక్కర్లేదు. సర్వీసు నంబరు తెలిస్తే క్షణాల్లో పని. విదేశాలకు వెళ్ళిన దళాల నంబర్లలో మొదటి అక్షరం రాష్ట్రాన్ని చెబుతుంది. విక్టోరియా వాళ్ళకు వి.ఎక్స్. అని ఉంటుంది. మా దగ్గర నంబరు లేదు. అదే పేరుతో చాలామంది ఉన్నారు. పుట్టిన తేదీతో వడగట్టబోతే ఎవరూ సరిపోలేదు. చివరికి పుట్టిన ఊరు, దగ్గరి బంధువుగా రాయించిన తల్లి పేరు పట్టుకుంటే దొరికారు. వయసు ఏడాది పెంచి రాయించుకున్నారట ఆ మహానుభావుడు. కాబట్టి తేదీని నమ్ముకోకండి, ఊరి పేరును నమ్ముకోండి.

అరవై పేజీలకు పైనే ఉంది ఆ ఫైలు. ఎత్తు, బరువు, కళ్ళ రంగు, ఏ పన్ను పుచ్చింది, ఏ పన్ను పీకారు అన్నీ ఉన్నాయి. సర్వీసు పత్రం నిండా పొడి అక్షరాలే. వాటి అర్థాల పట్టికలు ఆర్కైవ్స్‌లోను, ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ వెబ్‌సైటులోను ఉంటాయి, పక్కన తెరిచి పెట్టుకోవాలి. 1940లో శిక్షణ శిబిరం నుంచి చెప్పకుండా వెళ్ళిపోయినందుకు జీతంలో కోత పడినట్టు ఒకటికి నాలుగుసార్లు ఉంది. మామయ్యగారు ఆ పేజీని ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించారు. శౌర్య పతకం వచ్చినా అంత మురిసిపోయేవారు కారేమో.

నేను ఆగిపోయింది వేరే కాగితాల దగ్గర. 1941 జూన్‌లో "ఆచూకీ లేదు" అన్న తంతి నకలు. తర్వాత "యుద్ధఖైదీ కావచ్చు" అని ఇంకొకటి. ఖైదీయేనని ధ్రువపరిచే కాగితం అక్టోబరుది. ఈ రెంటి మధ్య జూలై తేదీతో ఆయన తల్లి సైన్యానికి రాసిన ఉత్తరం ఉంది. గీతల కాగితం మీద సిరాతో, పంక్తులు కొంచెం కుడి పక్కకు ఎగబాకుతూ రాశారు. మావాడి సంగతి ఏమైనా తెలిస్తే చెప్పండి అని అడగలేదు ఆవిడ. చలికాలం వస్తోంది, మేజోళ్ళు అల్లాను, ఏ చిరునామాకు పంపమంటారు అని అడిగారు. కింద ఒక గుమస్తా పెన్సిలుతో గీసిన టిక్కు మార్కు ఉంది. ఆ ఉత్తరాన్ని మామయ్యగారు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. తన నాయనమ్మ చేతిరాత చూడడమే అదే మొదలు. చదివి కుర్చీలోంచి లేచి గడ్డి కోయడానికి వెళ్ళిపోయారు. అంతకుముందు రోజే కోసిన గడ్డి.

న్యూజిలాండ్ ఫైలుకు జూన్‌లో దరఖాస్తు పెట్టాం. అప్పుడు అక్కడ రుసుము లేదు గాని స్కాన్లు సిద్ధంగా లేవు. దరఖాస్తు, చనిపోయినట్టు రుజువు, బంధుత్వం రుజువు పంపితే వాళ్ళు ఫైలు వెతికి, స్కాన్ చేసి ఈమెయిల్ చేసేవారు. సర్వీసు నంబరు మాత్రం ఆక్లాండ్ మ్యూజియం వాళ్ళ ఆన్‌లైన్ సెనోటాఫ్ అనే సైనికుల స్మారక వెబ్‌సైటులో దొరికింది. ప్రతి సైనికుడికీ అందులో ఒక పేజీ ఉంటుంది, ఎర్ర గసగసాల పువ్వు బొమ్మ పెట్టి నివాళి అర్పించవచ్చు. మేం చూసేటప్పటికే ఆయన పేజీ మీద ఎవరో ఒక పువ్వు పెట్టి ఉన్నారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. అత్తయ్యగారు తన బంధువులందరికీ ఫోన్లు చేసి అడిగారు, ఎవరూ కాదన్నారు.

అక్టోబరులో ఫైలు వచ్చింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను: పెద్దవాళ్ళతో కలిసి తెరిచే ముందు మీరొక్కరే ఒకసారి చదవండి. వైద్య పత్రాలు కూడా అందులోనే ఉంటాయి, సైన్యం ఏదీ దాచదు. కైరోలో సెలవు మీద తిరిగిన కుర్రాళ్ళకు ఏ ఆస్పత్రిలో ఏ జబ్బుకు చికిత్స జరిగిందో కూడా తేదీలతో సహా ఉంటుంది. నేను ముందే చదివాను కాబట్టి ఆ పేజీ గురించి అత్తయ్యగారిని పక్కకు పిలిచి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, పగలబడి నవ్వి, "ఇది మీ మామయ్యకు తెలిస్తే ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది" అన్నారు. తెలియనివ్వలేదు.

మరి 42వ వీధి తగువు తేలిందా? లేదు. ఒక్కొక్క సైనికుడి ఫైలులో యుద్ధం ఉండదు, కదలికలుంటాయి. ఆ ఓడ ఎక్కాడు, ఈ ఆస్పత్రిలో చేరాడు, ఫలానా రోజున మళ్ళీ దళంలోకి వచ్చాడు, అంతే. మే 27 తేదీ పక్కన ఇద్దరి ఫైళ్ళలోనూ ఏమీ లేదు. రెండు దేశాల అధికారిక యుద్ధ చరిత్రలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అత్తయ్యగారు ఆస్ట్రేలియాది, మామయ్యగారు న్యూజిలాండ్‌ది చదివి, అవతలివాళ్ళ పుస్తకంలో తమకు అనుకూలంగా ఉన్న వాక్యాలు ఏరుకున్నారు.

కాని తేదీలు పక్కపక్కన పెట్టేసరికి మేం అడగని సంగతి ఒకటి బయటపడింది. క్రీట్ దక్షిణ తీరంలో స్ఫాకియా అనే పల్లె నుంచి మే 28 నుంచి 31 దాకా రాత్రిపూట ఓడల్లో సైన్యాన్ని తరలించారు. అత్తయ్యగారి నాన్న ఓడ ఎక్కి ఈజిప్టు చేరారు. 2/7వ బెటాలియన్‌ను మాత్రం వెనక కాపలా పెట్టారు. మిగతావాళ్ళు ఎక్కేదాకా శత్రువును నిలువరించడం వాళ్ళ పని. వాళ్ళు కొండ దిగి ఒడ్డుకు చేరేసరికి ఆఖరి ఓడలు వెళ్ళిపోయాయి. కమాండర్ థియో వాకర్ ఓడ ఎక్కకుండా తన మనుషుల దగ్గరే ఉండిపోయి, జూన్ 1న లొంగిపోయారు. ఆ బెటాలియన్‌లో అధికభాగం ఖైదయింది. మామయ్యగారి నాన్న నాలుగేళ్ళు ఆస్ట్రియాలోని వోల్ఫ్స్‌బెర్గ్ శిబిరంలో గడిపారు.

అత్తయ్యగారు ఆ కాగితాలను చాలాసేపు చూశారు. "అంటే మా నాన్న ఎక్కడానికి మీ నాన్న ఆగాడన్నమాట" అన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నమామయ్యగారు వాతావరణం తేలిక చేద్దామని "ఏమైనా మిమ్మల్ని ఒడ్డు దాటించింది మా నౌకాదళమే కదా" అన్నారు. వారి నాన్న మధ్యధరా నౌకాదళంలో పనిచేశారు. "మా నాన్నను దాటించలేదుగా" అని మామయ్యగారు చప్పున అన్నారు. తర్వాత ఆయనే సర్దుకుని, ఆస్ట్రేలియా నౌక పెర్త్ కూడా వచ్చి బాంబు దెబ్బ తిన్నదని గుర్తు చేశారు. చిన్నమామయ్యగారు తగ్గలేదు. విడుదలైన ఆస్ట్రేలియా ఖైదీలను 1945లో ఇంగ్లండు తీరంలోని ఈస్ట్‌బోర్న్‌కు చేర్చారని, మీ నాన్న అక్కడ మా రేషను గుడ్లు తిన్నాడని లెక్క చెప్పారు. ఫైలు చూస్తే నిజమే, ఈస్ట్‌బోర్న్ ఉంది.

పతకాల సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధం తర్వాత న్యూజిలాండ్‌లో పతకాలు వాటంతట అవి ఇంటికి రాలేదు, దరఖాస్తు చేసుకోవాలి. చాలామంది చేసుకోలేదు. అత్తయ్యగారి నాన్న కూడా చేసుకోలేదని ఫైలులోనే ఉంది. కూతురిగా ఆవిడ నవంబరులో దరఖాస్తు పెడితే 2024 ఫిబ్రవరిలో కొరియర్‌లో వచ్చాయి: ఆరు పతకాలు, చిన్న చిన్న పొట్లాల్లో, రిబ్బన్లు విడిగా. వాటిని వరుసగా కూర్చి కుట్టించడం మన ఖర్చు. రెండు వందల డాలర్ల పైనే అయింది. మార్చి మొదటి వారంలోపు ఇస్తేనే ఏప్రిల్‌కు అందుతాయని దుకాణదారు చెప్పాడు. ఆ నెలల్లో వాళ్ళకు ఊపిరాడదు. మామయ్యగారి నాన్న పతకాల అంచు మీద ఆయన పేరు, నంబరు అచ్చు గుద్ది ఉన్నాయి. న్యూజిలాండ్ వాటి మీద పేరు ఉండదు. "ఎవరివో కూడా తెలియని పతకాలు" అని మామయ్యగారు అనడం, తర్వాతి పదిహేను నిమిషాలు మీరు ఊహించుకోవచ్చు.

ఇక మా తాతయ్య. ఈ హడావిడి మొదలవగానే నాకూ ఆగలేదు. 2023 జూన్‌లోనే నాన్నకు ఫోను చేశాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా. ఇంటింటికీ సైనికుడున్న మిలిటరీ మాధవరం మాకు మరీ దూరం కాదు, కాబట్టి పట్టాళానికి వెళ్ళడం మా వైపు వింతేమీ కాదు. "తాతయ్య బర్మా వెళ్ళాడు" అని మా ఇంట్లో వాడుక. ఏ దళమో ఎవరికీ తెలియదు. ట్రంకు పెట్టెలో ఒక డిశ్చార్జి పుస్తకం ఉండాలని నాన్న అన్నారు. ఉంది, సగం చెదలు తిన్నాయి. "పతకాలేమైనా ఉన్నాయా?" అంటే లేవన్నారు. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది: "తాళాలకు తగిలించి ఉన్నది పతకమేనేమో చూడండి."

మా నాన్నమ్మ బీరువా తాళంచెవుల గుత్తికి ఒక చుక్క బిళ్ళ ఉండేది. నా చిన్నప్పుడు దాంతో ఆడుకున్నాను. ఆరు మొనలు, కొక్కెం, మధ్యలో కిరీటం. అమ్మ దాన్ని చింతపండుతో తోమి ఫోటో తీసి పంపింది. మొనలు అరిగి గుండ్రబడ్డాయి. గుండ్రటి పట్టీ మీద అక్షరాలు ఫోటో పెద్దది చేస్తే చదవగలిగాను: ది ఇటలీ స్టార్. డెబ్బై ఏళ్ళకు పైగా రోజూ నడుముకు దోపుకుని తిరిగిన వస్తువు మీద ఇటలీ అని ఉంటే, మేమంతా బర్మా అనుకున్నాం.

చెదలు వదిలిపెట్టిన ముక్కలో "12 ఫీల్డ్ కంపెనీ" అని, మద్రాసు శాపర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళం ముద్ర కొంత, ఆర్మీ నంబరులో మొదటి మూడు అంకెలు ఉన్నాయి. అక్కడినుంచి దారి దొరికింది. మద్రాసు శాపర్స్ వారి 12వ ఫీల్డ్ కంపెనీ 4వ భారత డివిజన్‌లో ఉత్తరాఫ్రికా, ఇటలీ తిరిగింది. 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ డివిజన్ ఇటలీలో పెద్ద యుద్ధం జరిగిన మాంటె కసీనో కొండ దగ్గర ఉంది. ఎవరి కింద? న్యూజిలాండ్ కోర్ అనే పెద్ద సేనా విభాగం కింద, జనరల్ ఫ్రైబర్గ్ కింద. క్రీట్‌లో సేనాధిపతి కూడా ఆయనే. అత్తయ్యగారి నాన్న 21వ బెటాలియన్ కూడా అదే కసీనోలో పోరాడింది.

యూనిట్ల దినచర్య పుస్తకాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రీడర్ కార్డు ఉచితం, ఫోటోలు తీసుకోవడానికీ డబ్బులు అడగరు. లండన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఒక శనివారం వెళ్ళి ఫోటోలు తీసి పంపాడు. అధికారుల పేర్లు ప్రతి పేజీలోనూ ఉన్నాయి. శాపర్లు మాత్రం అంకెలే: ఇద్దరు గాయపడ్డారు, ఒకరు చనిపోయారు అని. మామయ్యగారి నాన్నకు ఏ పన్ను పీకారో నాకు తెలుసు. మా తాతయ్య పేరు ఎక్కడా కనిపించలేదు. అర్ధరాత్రి దాకా ఆ పేజీలు తిప్పుతూ కూర్చున్నప్పుడు వచ్చింది బాధ కాదు, కోపం.

కొండ వెనక నుంచి కసీనో వైపు ట్యాంకులు వెళ్ళడానికి 4వ భారత డివిజన్ శాపర్లు, న్యూజిలాండ్ ఇంజనీర్లు కలిసి ఒక దారి తొలిచారు. కావెండిష్ రోడ్డు అంటారు. మార్చి 19న న్యూజిలాండ్, అమెరికా ట్యాంకులు దాని మీదుగా వెళ్ళి దాడి చేశాయి, వెంట పదాతిదళం లేక దాడి విఫలమైంది. మా తాతయ్య అక్కడ పార పట్టాడని ఏ కాగితమూ చెప్పదు. పట్టలేదనీ చెప్పదు. నాన్న మాత్రం ఫోనులో "రోడ్డేశాడు" అని నిర్ధారించేసి ఊరంతా చెప్పేశారు. అదే డివిజన్‌లోని మద్రాసు శాపర్ సుబేదార్ సుబ్రమణియన్, 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర మందుపాతర మీద పడి తోటివారిని కాపాడి ప్రాణం వదిలారనీ, ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారనీ చెబితే, నాన్న కాసేపు మాట్లాడలేదు.

2024 ఏప్రిల్ మొదట్లో మా బంధువొకరు మెల్‌బోర్న్ వస్తుంటే అమ్మ ఆ చుక్కను పంపింది. "మరి తాళాలకు ఏం తగిలించుకోను?" అని నాలుగు రోజులు గొణిగి మరీ ఇచ్చింది. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ చారల ఇటలీ రిబ్బను పతకాల దుకాణంలోనే దొరికింది, కొద్ది డాలర్లే. పూర్వీకుల పతకాలు కుడివైపు పెట్టుకోవాలి, ఎడమవైపు స్వయంగా సంపాదించినవాళ్ళకే. ఏప్రిల్ 25న తెల్లవారకముందే సెయింట్ కిల్డా రోడ్డులోని ష్రైన్ అనే యుద్ధ స్మారకం దగ్గర ముగ్గురం కుడివైపు పతకాలతో నిలబడ్డాం. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒంటి మీద రెండు స్వెట్టర్లు వేసుకోండి, గంట ముందు వెళ్ళండి.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కావెండిష్ రోడ్డు సంగతి చెప్పాను. అత్తయ్యగారు "మా ట్యాంకులకు మీ తాతయ్య రోడ్డు వేశాడా! అందుకేనా అవి దారి తప్పాయి" అన్నారు. మామయ్యగారు "న్యూజిలాండ్‌వాళ్ళను కొండ ఎక్కించాలంటే ఇండియా నుంచి మనుషులు రావలసి వచ్చిందన్నమాట" అన్నారు. చిన్నమామయ్యగారు "జీతాలిచ్చింది మేం" అన్నారు. "ఇచ్చారా, ఖాతాలో రాశారా? యుద్ధం అయ్యేసరికి మీరు మాకు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ" అన్నాను. బల్ల చుట్టూ ఒక్కసారి నిశ్శబ్దం, తర్వాత మామయ్యగారు బల్ల చరిచి నవ్వడం మొదలుపెట్టారు. చిన్నమామయ్యగారు జేబులోంచి ఐదు డాలర్ల నోటు తీసి నా పళ్ళెం పక్కన పెట్టి, మిగతాది వాయిదాల్లో ఇస్తానన్నారు. ఆ రోజు నుంచి నాకూ మర్యాద తగ్గింది. చారులో ఉప్పు ఎక్కువైతే ఇప్పుడు నోటితోనే చెబుతున్నారు.

ఇండియాలో రికార్డు ఆఫీసు పని వీటన్నిటికీ సమాంతరంగా నడిచింది. పూర్తి నంబరు లేకుండా వెతకలేమన్నారు. ఊరు, తండ్రి పేరు, కంపెనీ, చేరిన ఏడాది అంచనా రాసి మళ్ళీ పెట్టాం. వారసుడిగా నాన్న మాత్రమే అడగాలి, నేను అడిగితే కుదరదు. తాతయ్య మరణ ధ్రువపత్రం కావాలన్నారు. ఆయన 1979లో పోయారు, అప్పట్లో మా ఊళ్ళో ఎవరు నమోదు చేయించారు గనక! ఆలస్యపు నమోదుకు ఆర్డీవో కార్యాలయం నుంచి ఉత్తర్వు తేవాలి. డెబ్బై ఏళ్ళ మనిషి ఎండలో దాని చుట్టూ తిరిగారు. నోటరీ అఫిడవిట్, జిరాక్సులు, రిజిస్టర్డ్ పోస్టు, బస్సు చార్జీలు అన్నీ కలిపి ఐదు వేల రూపాయల దాకా అయింది, ఎక్కువ భాగం ప్రయాణాలకే. మధ్యలో రెండుసార్లు "ఇక వదిలేద్దాం నాన్నా" అన్నాను. "నీ మామగారి ముందు తల వంచుకోమంటావా?" అన్నారు.

2024 ఆగస్టులో జవాబు వచ్చింది. టైపు చేసిన ఒక్క పేజీ. పూర్తి నంబరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, 12 ఫీల్డ్ కంపెనీ, మధ్యప్రాచ్యం, ఇటలీ. ప్రవర్తన: చాలా మంచిది. శిక్షలు: లేవు. నాన్న దాన్ని లామినేషన్ చేయించి, ఫోటో పంపారు. నేను మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ అడిగారు, "ఒక్కసారి కూడా చెప్పకుండా పారిపోలేదా?" లేదన్నాను.

"అయితే మన ఫ్రిజ్ మీద ఆయనకు చోటు లేదు" అన్నారు.